నేల మీద నీళ్లు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని బాల్చీ బాబాయి అనేవారు. డాక్టర్లు, నర్సులు, చివరికి ఎదురుగా ఉన్న మందుల దుకాణం వాడు కూడా. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది కానీ దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. ముప్పై ఆరేళ్లు ఆపరేషను గదిలో అటెండరుగా పనిచేశాడు. అందులో సగానికి పైగా ఒకే జబ్బు మనుషుల కాళ్ల దగ్గర గడిచిపోయింది. మగవాళ్లకి మూత్రసంచి కింద ప్రోస్టేటు అని ఒక గ్రంథి ఉంటుంది. యాభై దాటాక కొందరికి అది ఉబ్బి దారి మూసేస్తుంది. క్యాన్సరు కాదు, ఉన్నపళాన ప్రాణం తీసేదీ కాదు. కానీ మనిషిని నిద్రపోనివ్వదు, నలుగురిలో కూర్చోనివ్వదు. దాని గురించి చెప్పుకోవాలంటే మగవాళ్లకి నోరు పెగలదు. బాబాయికి మాత్రం ఆ మొహమాటం లేదు. బస్టాపులో పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని కూడా "ధార ఎలా వస్తోందండీ?" అని అడగగలిగేవాడు.

ఇప్పుడు ఆ పని లేజరుతో అయిపోతోంది. పొట్ట మీద గాటుండదు. గ్రంథి ఎంత పెద్దదైనా మూత్రం వచ్చే దారినే బయటికి తెచ్చేస్తారు. కడగడానికి మామూలు ఉప్పునీళ్లు చాలు. మూడో రోజుకి మనిషి తన సంచీ తనే పట్టుకుని ఇంటికి నడిచిపోతాడు. కుర్ర డాక్టర్లు ఇదంతా ఆకాశం నుంచి ఊడిపడిందనుకుంటారు. అనుకోనివ్వండి, వాళ్లకి ఎవరైనా చెబితేగా.

బాబాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో సంగతి వేరు. బొడ్డు కింద కోసి, మూత్రసంచి తెరిచి, పెద్ద డాక్టరు అందులోకి చూపుడువేలు పెట్టేవాడు. లోపల కంటికేమీ కనబడదు. బత్తాయి తొన వలిచినట్టు వేలితోనే గ్రంథిని దాని పొర నుంచి విడదీసి పైకి లాగేవాడు. అది రావడం ఆలస్యం, రక్తం ఉబికేది. గుడ్డ కుక్కి, అదిమి పట్టి, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడేవారు. ఆ తర్వాత పొట్టలోంచి వేలెడు లావు రబ్బరు గొట్టం, మూడు వారాల మంచం. గొట్టంలో రక్తం గడ్డకట్టి అడ్డుపడితే రోగి పెట్టే కేకలు వీధిలోకి వినిపించేవి. పెద్ద సిరంజి పెట్టి ఆ గడ్డల్ని బయటికి లాగడం బాబాయి పని. బాగుపడి వెళ్లినవాళ్లే ఎక్కువ. కానీ వెళ్లనివాళ్ల ముఖాలే ఆయనకి గుర్తుండిపోయేవి.

ఆ కబుర్లన్నీ సాయంత్రం ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెప్పేవాడు. వినేది అన్నయ్యా వదినా. తండ్రి చిన్నప్పుడే పోతే బాబాయిని పెంచింది అన్నయ్యే. ఆసుపత్రి ఉద్యోగానికి అర్జీ రాసిపెట్టిందీ ఆయనే. ఆయన బస్సు డ్రైవరు. గుండె దిటవైన మనిషి. బ్రేకులు ఫెయిలైన బస్సుని ఇసకగుట్ట ఎక్కించి నలభైమందిని కాపాడిన మనిషి. అయినా తమ్ముడు గొట్టం మాటెత్తితే చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

"ఒరేయ్, భోజనం దగ్గరైనా ఆ గొట్టాల గోల ఆపరా" అనేవాడు.

"నీకేం అన్నయ్యా, నీకింకా వయసుంది" అని బాబాయి నవ్వేవాడు. అన్నయ్యకి ఆ ఆపరేషనంటే భయం పుట్టించింది తన నోరేనని అప్పటికి ఆయనకి తట్టలేదు.

కొన్నాళ్లకి పెట్టెలో కొత్త పనిముట్టు వచ్చింది. పెన్నులా సన్నగా, జానెడున్నర పొడుగు. లోపల దీపం, కన్ను పెట్టి చూడటానికి అద్దం, కొసన కరెంటుతో కోసే సన్నటి తీగ. పొట్ట కోయక్కర్లేదు. మూత్రం దారిలోంచి లోపలికి పంపి, గ్రంథిని పొట్టుపొట్టుగా చెక్కుకుంటూ రావాలి. పెద్ద డాక్టరుకి అప్పటికే యాభై దాటాయి. వేలితో అంత పేరు తెచ్చుకున్నవాడు, ఈ వయసులో మళ్లీ అ ఆలు ఎందుకని తోటి డాక్టర్లు ఎగతాళి చేశారు. ఆయన వినలేదు. నాలుగు నెలలపాటు రోజూ బాబాయి చేత మాంసం ముక్క తెప్పించి, గాజు తొట్టిలో నీళ్లల్లో ముంచి, ఆ తీగతో చెక్కడం నేర్చుకున్నాడు. కసాయివాడు బాబాయిని పట్టుకుని "మీ డాక్టరుగారికి అరుగుదల బాగుందే" అనేవాడు.

ఆ పనికి నీళ్లు ఆగకుండా పారాలి. లేకపోతే రక్తంలో ఏమీ కనబడదు. మంచం పక్కన స్టాండుకి సీసాలు వేలాడదీస్తే, వాటిలో నీళ్లు గొట్టం గుండా లోపలికి పోయి, పొట్టునీ రక్తాన్నీ కడుక్కుంటూ బయటికొచ్చి కింద బాల్చీలో పడతాయి. సీసాలు ఎక్కించడం, బాల్చీలు మార్చడం బాబాయి వంతు. మొదట్లో మరగకాచి శుభ్రం చేసిన ఉత్తనీళ్లే వాడారు. తొలి పాతికమంది లేచి వెళ్లారు. ఆ తర్వాత ఒక టైలరు వచ్చాడు. ఆపరేషను బ్రహ్మాండంగా అయిందనుకున్నారు. సాయంత్రానికి ఆయన మూత్రం కాఫీ రంగుకి తిరిగింది. మూడో రోజు పోయాడు.

పెద్ద డాక్టరు ఆపరేషను గదిలో స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. గ్రంథి చెక్కేటప్పుడు తెగిన రక్తనాళాల్లోంచి నీళ్లు రక్తంలోకి దూరాయని, ఉత్తనీళ్లు తగిలితే రక్తకణాలు పగిలిపోతాయని ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా చెప్పాడు. బాబాయి నేల కడుగుతూ విన్నాడు.

"ఎన్ని నీళ్లు దూరాయి డాక్టరుగారూ?"

"ఎవరికి తెలుసు?" అన్నాడాయన.

ఆ మాట బాబాయికి మింగుడుపడలేదు. నీళ్లు పోసింది తను, పారబోసింది తను. పైకెక్కించినవెన్నో, కిందికి దిగినవెన్నో తెలిస్తే మధ్యలో మాయమైనవెన్నో తెలియకపోవడమేమిటి? ఆ రాత్రే ఇంట్లో లీటరు కొలత పెట్టి బాల్చీలో నీళ్లు పోశాడు. సుద్దగీత కడిగితే పోతుందని, భార్య గోళ్లరంగు సీసా తీసి లీటరు లీటరుకీ లోపల ఎర్రగీత గీశాడు. ఆవిడ నెలరోజులు సాధించింది. ఆ గీతల బాల్చీలు నాలుగు తయారయ్యాక పేరు ఎలాగూ స్థిరపడిపోయింది. పెద్ద డాక్టరు మొదట నవ్వాడు. "నీ బాల్చీ ఉన్నంతకాలం ఇక్కడెవరూ బాల్చీ తన్నరన్నమాట" అన్నాడు. తర్వాత తర్వాత నవ్వడం మానేశాడు. పది నిమిషాలకోసారి లెక్క చెప్పే బాబాయి గొంతు వినబడకపోతే "ఏదీ, చెప్పవేం?" అని తనే అడిగేవాడు.

ఉత్తనీళ్లు మానేసి మరో మందునీళ్లు తెచ్చారు. ఉప్పునీళ్లు వాడదామంటే ఆ రోజుల తీగకి కుదరదు. ఉప్పునీళ్లల్లో కరెంటు చెదిరిపోయి కోత పడదు. ఈ కొత్తవి కాస్త తియ్యగా ఉంటాయి, రక్తకణాల్ని పగలగొట్టవు. అయితే ఇవి కూడా ఎక్కువగా ఒంట్లోకి పోతే రక్తంలో ఉప్పు పల్చబడి మనిషికి మతి తప్పుతుంది, చూపు మసకబారుతుంది, చివరికి ఫిట్సు వస్తాయి. అందుకే గంట దాటకూడదని రూలు పెట్టుకున్నారు.

ఇలా ఏళ్లు గడిచాయి. బాబాయి లెక్క పాఠంలా సాగేది. "ఎక్కింది పన్నెండు, దిగింది పదకొండు." మిగిలిన ఆ ఒక్కటీ ఏమైందంటే, గదిలో ఎవరో ఒకరు అలవాటుగా "మిగతాది నేల మీద" అనేవారు. నిజమే, బాల్చీ తప్పి కొన్ని నీళ్లు ఎప్పుడూ నేల మీద పడతాయి. హెడ్ సిస్టరు అనేది, పెద్ద డాక్టరు అనేవాడు, బాబాయి కూడా అనేవాడు. ఆ మాట అన్నాక అందరికీ మనసు తేలికపడేది. అంత పట్టుదలగా గీతలు గీసుకున్న మనిషి, నేల మీద పడినవెన్నో ఒక్కనాడూ కొలవలేదు.

అన్నయ్యకి యాభై ఏడు నిండాయి. బస్సు ఎక్కడపడితే అక్కడ ఆగడం మొదలుపెట్టింది. మైలురాళ్ల దగ్గర, తుప్పల దగ్గర, కల్వర్టుల దగ్గర. ప్రయాణికులు మొదట ఇంజను పాడైందనుకున్నారు, తర్వాత అర్థమై ముసిముసి నవ్వులు నవ్వారు. అన్నయ్య నీళ్లు తాగడం మానేశాడు. ఒకరోజు పొద్దున్న స్టీరింగు ముందు కూర్చున్నవాడు లేవలేకపోయాడు. ధార పూర్తిగా బిగిసిపోయింది. కండక్టరు రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకొచ్చాడు. గొట్టం వేసి మూత్రం తీశాక ఆయన అన్న మొదటి మాట, "ఒరేయ్, నా పొట్ట మాత్రం కోయనివ్వను. చచ్చిపోతాను గానీ కోయనివ్వను."

వదిన బాబాయిని వరండాలోకి పిలిచింది. "మరిదీ, ఆయనకి నువ్వేం చెబితే అది వేదం. నువ్వే ధైర్యం చెప్పు."

బాబాయి వెళ్లి అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు. "పొట్ట మీద కత్తి పడదు. నాది పూచీ" అన్నాడు.

పెద్ద డాక్టరు వేలితో పరీక్ష చేసి పెదవి విరిచాడు. నిమ్మకాయంత ఉంటే గంటలో చెక్కేయొచ్చు. ఇది నారింజకాయంత ఉంది. "దీనికి పాత పద్ధతే మంచిదోయ్. ఇదివరకులా కాదు, ఇప్పుడు కుట్లు బాగా వేస్తున్నాం, పది రోజుల్లో లేస్తాడు."

"మాటిచ్చేశాను డాక్టరుగారూ. మీ చెయ్యి తిరిగిన చెయ్యి. ఒక్కసారి చూడండి."

పొగడ్తకి పడిపోయే మనిషి కాదాయన. కానీ ఆ పనిముట్టుతో చెయ్యలేనిది ఉందని ఒప్పుకోవడం ఆయనకీ ఇష్టం లేదు. సరే అన్నాడు. సొంత అన్నగారు కాబట్టి లోపలికి రావొద్దని హెడ్ సిస్టరు బాబాయికి చెప్పింది. ఆయన వినిపించుకోకుండా నాలుగు బాల్చీలూ కడిగి వరసగా పెట్టుకున్నాడు.

నడుము దగ్గర మత్తు ఇవ్వడంతో అన్నయ్య మెలకువగానే ఉన్నాడు. ఛాతీ మీదుగా గుడ్డ అడ్డం కట్టారు. అటువైపు మత్తు డాక్టరమ్మతో ఆయన తన బస్సు కబుర్లు చెబుతున్నాడు. ఇటువైపు, ఎత్తి కట్టిన కాళ్ల మధ్య పెద్ద డాక్టరు కన్ను అద్దానికి ఆనించి కూర్చున్నాడు. తీగ చిటపటలాడుతోంది. పొట్టు దిగుతోంది. అరగంట బాగా నడిచింది.

"ఎక్కింది పది, దిగింది తొమ్మిది."

"మిగతాది నేల మీద" అంది హెడ్ సిస్టరు.

గంట అయింది. గ్రంథి సగం కూడా కాలేదు. మత్తు డాక్టరమ్మ టైము చెప్పింది. "ఒక్క పది నిమిషాలు, ఈ ఎడం వైపు అయిపోవచ్చింది" అన్నాడు పెద్ద డాక్టరు. పది ఇరవై అయింది. అన్నయ్య కబుర్లు ఆగిపోయాయి. రెండుసార్లు ఆవలించాడు. తర్వాత చిరాగ్గా తల అటూ ఇటూ తిప్పుతూ, "హెడ్‌లైటు ఎవడ్రా ఆర్పింది?" అన్నాడు.

గదిలో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.

బాబాయి బాల్చీల వైపు చూశాడు. నోరు దానంతటదే కదిలింది. "ఎక్కింది ఇరవై రెండు, దిగింది పదిహేడున్నర."

"మిగతాది నేల మీద" అన్నాడు పెద్ద డాక్టరు, కన్ను తియ్యకుండానే.

ఇన్నాళ్లూ అంటూ వచ్చిన మాటే. కానీ ఆ క్షణాన బాబాయి మొదటిసారి నేల వైపు కొలిచే చూపుతో చూశాడు. ఎప్పుడూ ఉండేంత మడుగే ఉంది. నాలుగున్నర లీటర్లంటే గది వాకిలి దాటి పారాలి.  మోకాళ్ల మీద కూలబడి, తుడిచే గుడ్డతో నేలంతా అద్ది, ఖాళీ బాల్చీలో పిండాడు. మళ్లీ అద్దాడు, మళ్లీ పిండాడు. బల్ల కింద, స్టూలు కింద, డాక్టరు చెప్పుల కింద. తడిసిన దుప్పటి అంచులు కూడా పిండాడు. గుడ్డ పీల్చుకున్నదానికి మరో పావు కలిపాడు. ఎంత లాగినా ఒకటిన్నర గీత దాటలేదు.

"నేల మీద ఉన్నది ఒకటిన్నరే" అన్నాడు లేచి నిలబడి. "మూడు లీటర్లు మా అన్నయ్య ఒంట్లో ఉన్నాయి. ఆపండి డాక్టరుగారూ."

ఆపరేషను గదిలో అటెండరు డాక్టరుని ఆపమనడం అంతకు ముందు ఎవరూ ఎరగరు. హెడ్ సిస్టరు గుడ్లురిమింది. పెద్ద డాక్టరు కన్ను తియ్యలేదు. ఎడం వైపు ఇంకో నాలుగు చెక్కులు ఉన్నాయి. "సీసా అయిపోవస్తోంది. ఇంకోటి ఎక్కించు" అన్నాడు.

"ఎక్కించను."

"ఏమన్నావ్?"

"ఇందులో అర లీటరుంది. రక్తం కారే చోట్లు మూసుకుని బయటికి రావడానికి అది చాలు. ఇంకో సీసా నా చేత్తో ఎక్కించను. ఉద్యోగం తీసేయాలంటే రేపు తీసేయండి."

 బాబాయి చేతులు వెనక్కి కట్టుకుని స్టాండుకి అడ్డంగా నిలబడ్డాడు. మత్తు డాక్టరమ్మ అటువైపు నుంచి, "నాడి తగ్గిపోతోంది, నిజంగానే ఆపేయండి" అంది. పెద్ద డాక్టరు అప్పుడు కన్ను తీసి, బాల్చీ వంక, అందులో ఎర్రగీత వంక చూశాడు. మళ్లీ వంగి, రెండు నిమిషాల్లో రక్తం ఆపి, పనిముట్టు బయటికి తీసేశాడు. సగం గ్రంథి లోపలే ఉండిపోయింది.

ఆ పగలంతా అన్నయ్య ఎవర్నీ గుర్తుపట్టలేదు. ఒకసారి ఫిట్సు వచ్చింది. చిక్కటి ఉప్పునీళ్లు చుక్కచుక్కగా ఎక్కిస్తూ, మూత్రం దిగే మందిస్తూ మత్తు డాక్టరమ్మ మంచం వదల్లేదు. బాబాయి మంచం కింద కూర్చుని సంచీలోకి దిగుతున్న మూత్రాన్ని కొలుస్తూనే ఉన్నాడు. ఇంకేం చెయ్యాలో తెలియక కొలిచాడు. మర్నాడు పొద్దున్న ఎండ ఎక్కే వేళకి అన్నయ్య కళ్లు తెరిచి, "బస్సు ఎవరు తీశారివాళ?" అని అడిగాడు. వదిన కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. బాబాయి బయటికెళ్లి, మెట్ల మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

నాలుగో రోజు పెద్ద డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. తప్పు తనదేనని, అంత పెద్ద గ్రంథికి ఆ పనిముట్టు పట్టుకోకుండా ఉండాల్సిందని దాచకుండా చెప్పాడు. చేయాల్సిందేమిటో మాత్రం చెప్పలేక బాబాయి వైపు చూసి వెళ్లిపోయాడు.

"ఏరా, మళ్లీ కాళ్లెత్తి కట్టేస్తారా?" అన్నాడు అన్నయ్య.

"కాదన్నయ్యా. నెల తర్వాత, నువ్వు తేరుకున్నాక పొట్ట కోయాలి."

అన్నయ్య ముఖం పాలిపోయింది. 

"కత్తి పడదని మాటిచ్చావు."

"ఇచ్చాను."

"తప్పావు."

"తప్పాను. ముందే కోసేద్దామని డాక్టరుగారన్నారు. నా మాట నిలబెట్టుకోవాలని బతిమాలింది నేనే. అంతవరకూ నాదే తప్పు. కానీ ఆ రోజు ఆపమనకుండా ఇంకో సీసా ఎక్కించి ఉంటే మాట నిలబడేది, నువ్వుండేవాడివి కాదు. నువ్వు తిట్టు, కొట్టు, నాతో మాట్లాడటం మానెయ్. కోతకి మాత్రం ఒప్పుకో. ఒప్పుకునేదాకా నేనిక్కణ్ణించి కదలను."

"ఆపమన్నది నువ్వా? డాక్టర్ని?"

"నేనే."

అన్నయ్య తమ్ముణ్ణి ఎగాదిగా చూశాడు. ఎప్పుడూ ఆ ఇంట్లో అన్నయ్య ఎదురుగా గొంతు పెంచి ఎరగని మనిషి. "వీడా" అన్నాడు వదినతో, నమ్మలేనట్టు. తర్వాత చెయ్యి చాపాడు. "ఏదీ, ఆ కాగితమేదో తే. సంతకం పెడతాను."

నెల తిరగ్గానే కోశారు. పెద్ద డాక్టరు మళ్లీ తన చూపుడువేలితోనే తీశాడు. పదకొండో రోజు కుట్లు విప్పారు. ఆ వారం నుంచే ఆపరేషను గదిలో కొత్త పద్ధతి వచ్చింది. నేల తుడిచి పిండి కొలిస్తే తప్ప లెక్క చెప్పకూడదు. రెండు లీటర్లు తేడా వస్తే బాబాయి "చాలు" అంటాడు, ఎంత పెద్ద డాక్టరైనా పనిముట్టు బయటికి తీయాలి. ఆ మాట ఆయన తర్వాత పందొమ్మిదిసార్లు అన్నాడు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు.

అన్నయ్య మళ్లీ బస్సెక్కి మూడేళ్లు నడిపాడు, రిటైరయ్యాక ఇంకో పదహారేళ్లు బతికాడు. ఎవరైనా తమ్ముళ్ల గురించి గొప్పలు పోతే విని ఊరుకునేవాడు కాదు. చొక్కా పైకెత్తి, బొడ్డు కింద నిలువు మచ్చ మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇది మా తమ్ముడు తప్పిన మాట. దీని పుణ్యమా అనే ఇలా మీ ముందు కూర్చున్నాను" అనేవాడు. అంటూ, తమ్ముడు ఆ దగ్గర్లో ఎక్కడైనా ఉన్నాడేమో విన్నాడేమోనని చుట్టూ చూసుకునేవాడు.